60% మెకానికల్ కీబోర్డుకు సరిపడే కేసు: తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరులో ఉంటూ కీబోర్డు సొంతంగా కట్టుకుంటున్న తెలుగువాళ్ల కోసం ఈ పేజీ. పీసీబీ (స్విచ్చులు కూర్చునే సర్క్యూట్ బోర్డు) ఒకచోట, ప్లేటు (స్విచ్చుల్ని పట్టి ఉంచే పలక) ఇంకోచోట, కేసు (బయటి పెట్టె) మరోచోట కొంటారు. మూడూ చేతికొచ్చాక ఒకదాంట్లో ఒకటి కూర్చోకపోతే డబ్బు పోతుంది, నెలల తరబడి ఎదురుచూసిందీ వృథా అవుతుంది. కొలతలన్నీ మి.మీ.లో ఇచ్చాం. "యూ" అని రాసిన చోటల్లా ఒక మామూలు అక్షరం కీకి పట్టే చోటు, అంటే 19.05 మి.మీ., అని చదువుకోండి.

కేసు మీద 60% అని ఉంది, నా పీసీబీ కూడా 60%. ఇక సరిపోయినట్టేనా?

అప్పుడే కాదు. 60% అన్న మాట కీలు ఎన్ని ఉన్నాయో చెబుతుంది, అంతే. ఫంక్షన్ వరుస, బాణం కీలు, నంబర్ ప్యాడ్ తీసేయగా మిగిలిన 61 కీల బోర్డు అని దాని అర్థం. లోపల పీసీబీని ఎలా బిగిస్తారన్నది ఆ అంకె చెప్పదు.

కేసుకీ పీసీబీకీ పొత్తు కుదరాల్సిన చోట్లు ఐదు: బయటి కొలత, స్క్రూ బెజ్జాలు, యూఎస్‌బీ నోరు, పీసీబీ కింద ఉండే ఖాళీ, ప్లేటు కేసును పట్టుకునే తీరు. నాలుగు కుదిరి ఐదోది కుదరకపోయినా కేసు మీ పీసీబీకి పనికిరానట్టే. అందుకే వరుస ముఖ్యం. ముందు లేఅవుట్ (కీల అమరిక) తేల్చుకోండి, తర్వాత పీసీబీ, ఆ తర్వాత కేసు, దాంతోపాటే ప్లేటు. రంగు నచ్చిందని ముందు కేసు కొని, దానికోసం పీసీబీ వెతకడం మొదలుపెడితే పని తలకిందులవుతుంది.

అందరూ "స్టాండర్డ్ 60%" అంటారు. అది కచ్చితంగా ఏమిటి?

ఏ సంస్థా అచ్చువేసిన ప్రమాణం కాదది. పోకర్ అనే చిన్న కీబోర్డు, ఆ తర్వాత అభిరుచిగలవాళ్లు కలిసి గీసిన జీహెచ్60 అనే ఓపెన్ సోర్స్ పీసీబీ వాడుకలో స్థిరపడిపోయాయి. ఇప్పుడు "ట్రే మౌంట్ 60%" అని అమ్మే కేసులు దాదాపు అన్నీ ఆ కొలతలనే పట్టుకుంటాయి.

పీసీబీ 285 × 94.6 మి.మీ. లోపల నాలుగు బెజ్జాలు, కుడి ఎడమ అంచుల్లో ఒక్కో గాడి. ఎడమ అంచు నుంచి, పై అంచు నుంచి కొలిస్తే బెజ్జాల స్థానాలు వరుసగా 25.2, 27.9; 260.05, 27.9; 128.2, 47; 190.5, 85.2. అంచు గాడులు రెండూ పైనుంచి 56.5 దగ్గర ఉంటాయి.

అంకెలు గుర్తుపెట్టుకోవడం కష్టమైతే కీలతో గుర్తుపెట్టుకోండి. ఒకటి టాబ్‌కీ క్యూకీ మధ్య, ఒకటి కుడివైపు చదరపు బ్రాకెట్‌కీ బ్యాక్‌స్లాష్‌కీ మధ్య, ఒకటి జీకీ హెచ్‌కీ మధ్య, ఒకటి స్పేస్‌బార్ కుడి కొస దగ్గర. మీ పీసీబీని వెలుతురుకి ఎత్తిపట్టి చూడండి. ఈ నాలుగు చోట్లా వెలుగు కనబడితే ట్రే కేసుల్లో చాలావాటికి అది సరిపోతుంది. బెజ్జాలే లేని పీసీబీలూ ఉన్నాయి. వాటిని గ్యాస్కెట్ లాంటి వేరే తరహా కేసుల కోసం చేస్తారు (ఈ తరహాల సంగతి కింద ఉంది), ట్రే కేసులో వాటికి పట్టు దొరకదు.

కొనేముందు ఇంట్లోనే సరిచూసుకునే దారి ఉందా?

ఉంది, ఖర్చు కూడా ఒక చార్టు కాగితమే. పీసీబీని చార్టు మీద బోర్లించకుండా, కీలు వచ్చే వైపు పైకి పెట్టండి. సన్నగా చెక్కిన పెన్సిల్ నిటారుగా పట్టుకుని చుట్టూ గీయండి. పెన్సిల్ వంచితే గీత ఒక మి.మీ. బయటికి పోతుంది, ఆ ఒక్క మి.మీ. ఇక్కడ చాలా ఎక్కువ. పీసీబీ కదలకుండా పట్టుకుని బెజ్జాల్లోంచి చుక్కలు పెట్టండి. యూఎస్‌బీ నోటి రెండు అంచులనీ కాగితం మీద గుర్తించండి. ఇప్పుడు పీసీబీ తీసేసి, అమ్మేవాళ్లు ఇచ్చిన కేసు డ్రాయింగ్‌లోని అంకెలతో స్కేలు పెట్టి పోల్చండి.

కేసు డ్రాయింగ్‌ను ప్రింటు తీసి దాని మీద పీసీబీ పరచడం ఇంకో పద్ధతి. ఏ4 కాగితం పొడవు 297 మి.మీ., పీసీబీ 285, అంటే అటూ ఇటూ 6 మి.మీ. మాత్రమే మిగులుతుంది. జిరాక్స్ షాపులో ప్రింటర్ తనంతట తాను పేజీకి సరిపడా కుదించేస్తే మీ కొలతలన్నీ తప్పుతాయి. "అసలు సైజు, 100%" పెట్టమని నోరు తెరిచి చెప్పండి. డ్రాయింగ్‌లో ఒక మూల 100 మి.మీ. గీత ఉంచుకుని, ప్రింటు వచ్చాక స్కేలుతో దాన్ని కొలవండి. 100 ఉంటేనే మిగతావి నమ్మండి. వీలైతే ఏ3 వాడండి.

డ్రాయింగ్ ఇవ్వని అమ్మకందారుణ్ని లోపలి పొడవు వెడల్పులు, యూఎస్‌బీ మధ్యగీత ఎడమ అంచు నుంచి ఎంత, పోస్టుల (పీసీబీని మోసే చిన్న స్తంభాల) ఎత్తు ఎంత అని మూడే ప్రశ్నలు అడగండి. "అన్ని 60%లకీ సరిపోతుంది సార్" అన్న జవాబు వస్తే ఆ కేసు వదిలేయడమే మేలు.

ట్రే, టాప్, గ్యాస్కెట్ అంటారు. కేసు కుదరడానికీ దీనికీ ఏం సంబంధం?

చాలా సంబంధం ఉంది. ప్లేటు విషయంలో తప్పులు ఎక్కువగా ఇక్కడే జరుగుతాయి.

ట్రే మౌంట్‌లో కేసు అడుగున పోస్టులు లేచి ఉంటాయి. పీసీబీని వాటి మీద పెట్టి పైనుంచి స్క్రూలు బిగిస్తారు. ప్లేటు కేసును తాకదు, స్విచ్చుల మీద ఆధారపడి ఉంటుంది. కాబట్టి కొలత సరిగా ఉన్న ఏ 60% ప్లేటైనా చెల్లుతుంది. ఒక్క షరతు: స్క్రూ డ్రైవర్ దిగడానికి ఆ నాలుగు చోట్ల ప్లేటులోనూ బెజ్జాలు ఉండాలి. వేరే తరహా కేసు కోసం కోసిన ప్లేటులో అవి ఉండకపోవచ్చు. స్విచ్చులన్నీ టంకం వేశాక అది తెలిస్తే, టంకం ఊడదీయడం తప్ప దారి లేదు. టోఫు60 కేసు ఈ ట్రే తరహాకి బాగా తెలిసిన ఉదాహరణ.

టాప్ మౌంట్‌లో ప్లేటుకి చెవుల్లాంటి ముక్కలుంటాయి, వాటిని కేసు పైభాగానికి బిగిస్తారు. శాండ్‌విచ్‌లో ప్లేటు పీసీబీ కంటే పెద్దది, అంచులు కేసు రెండు భాగాల మధ్య నలుగుతాయి. గ్యాస్కెట్‌లో ప్లేటు చెవుల మీద పోరాన్ (మెత్తటి ఫోమ్) పట్టీలు కానీ సిలికాన్ తొడుగులు కానీ ఉంటాయి. ఈ మూడు తరహాల్లోనూ చెవులు ఎక్కడ ఉండాలో ఒక్కో కేసుకి ఒక్కోలా ఉంటుంది. ఒక కేసు ప్లేటు ఇంకోదానికి పట్టదు. అందుకే ఇలాంటి కేసు కొంటే ప్లేటు కూడా అక్కడే కొనండి. ఒకటి అదనంగా తీసుకుంటే ఇంకా మంచిది, ఆ కేసు అమ్మకం ఆగిపోయాక ప్లేటు దొరకడం గగనం.

ఓ-రింగ్ కేసుల్లో పీసీబీ, ప్లేటు కలిపిన మొత్తం చుట్టూ ఒక రబ్బరు రింగు తొడిగి కేసులోకి నొక్కుతారు. స్క్రూలే ఉండవు. బేకనెకో60 ఈ తరహాది. మామూలు 60% ప్లేటు, పీసీబీ దీనికి చాలు. మొదటి కీబోర్డు కట్టేవాళ్లకి ట్రే కానీ ఓ-రింగ్ కానీ చెబుతాం. ఏదైనా భాగం తర్వాత మార్చాలన్నా వీటిలో సులువు.

యూఎస్‌బీ నోరు కేసు రంధ్రానికి ఎదురుగానే ఉంది, కానీ కేబుల్ సగమే దిగుతోంది. ఎందుకు?

గోడ మందం వల్ల. యూఎస్‌బీ-సీ ప్లగ్గులో లోహపు నాలుక పొడవు 6.65 మి.మీ. అది పూర్తిగా దిగాలంటే వెనక ఉన్న ప్లాస్టిక్ పిడి కూడా పోర్టు దగ్గరికి రావాలి. ప్రమాణం ప్రకారం ఆ పిడి గరిష్ఠంగా 12.35 × 6.5 మి.మీ. ఉండొచ్చు. కేసు రంధ్రం అంతకంటే చిన్నదై, పోర్టు గోడకు లోపల రెండు మూడు మి.మీ. వెనక్కి ఉంటే, పిడి గోడకి కొట్టుకుని ఆగిపోతుంది. బోర్డు ఒకసారి వెలుగుతుంది, కేబుల్ కదిలితే ఆరిపోతుంది. పీసీబీ పాడైందని చాలామంది పొరబడేది ఇలాంటప్పుడే.

కేసు రంధ్రం కనీసం 13 × 7 ఉందేమో అడగండి. ఇప్పటికే కొనేసి ఉంటే సన్నపు పిడి ఉన్న కేబుల్ ప్రయత్నించండి. ప్లాస్టిక్ కేసైతే చిన్న ఆకురాయితో రంధ్రం పెంచుకోవచ్చు. అల్యూమినియం కేసును రాస్తే పూత పోయి తెల్లగా మచ్చ పడుతుంది, ఆ పని చేయకండి. అల్లిన బట్ట తొడిగి, లోహపు పిడి వేసిన కేబుళ్లు అందంగా ఉంటాయి కానీ వాటి పిడి తరచూ లావుగా ఉంటుంది.

ఇక పోర్టు స్థానం. జీహెచ్60 పద్ధతిలో అది ఎడమ పక్కన, ఎస్కేప్‌కీ 1కీ మధ్య, అంచు నుంచి 2 సెం.మీ.కి కాస్త తక్కువలో ఉంటుంది. కొన్ని కొత్త పీసీబీల్లో నడిమధ్యన పెడుతున్నారు. పోర్టు మధ్యన ఉన్న పీసీబీకి ఎడమ రంధ్రం ఉన్న కేసు ఎట్టి పరిస్థితిలోనూ పనికిరాదు.

ఇంకో రకం కేసుల్లో పోర్టు పీసీబీ మీద కాకుండా విడిగా ఒక చిన్న బోర్డు మీద ఉంటుంది. దాన్ని డాటర్‌బోర్డు అంటారు. అక్కణ్నుంచి నాలుగు తీగల సన్నని కేబుల్ పీసీబీకి వెళ్తుంది. ఎక్కువగా వాడేది 1 మి.మీ. దూరంతో ఉండే జేఎస్‌టీ-ఎస్‌హెచ్ కనెక్టరు. కనెక్టరు దిగింది కదా అని పవర్ ఇచ్చేయకండి. రెండు వైపులా తీగల వరుస ఒకటేనా అని మల్టీమీటర్‌తో చూడండి. వరుస తిరగబడిన కేబుల్‌లో 5 వోల్టులు రాకూడని కాలుకి చేరితే పీసీబీ కాలిపోతుంది.

హాట్‌స్వాప్ పీసీబీకి వేరే కేసు కావాలా?

హాట్‌స్వాప్ అంటే టంకం వేయకుండా స్విచ్చులు గుచ్చి తీసుకునే పీసీబీ. దీనికి వేరే అక్కర్లేదు, కానీ అడుగున ఖాళీ కొలుచుకోవాలి. పీసీబీ మందం 1.6 మి.మీ. దాని కింద హాట్‌స్వాప్ సాకెట్లు దాదాపు 2 మి.మీ. కిందికి దిగుతాయి. బ్యాటరీ కనెక్టరో డాటర్‌బోర్డు కనెక్టరో ఉంటే 3 మి.మీ. పైన పడుతుంది. పోస్టుల ఎత్తు దీనికన్నా ఎక్కువ ఉండాలి, పైన ఒక మి.మీ. ఊపిరాడే చోటు ఉండాలి.

చవక ప్లాస్టిక్ కేసుల్లో స్క్రూ పోస్టులు కాక, పీసీబీ వంగకుండా అక్కడక్కడా ఆనింపు పోస్టులు, అడ్డు పట్టీలు పోస్తారు. టంకం వేసే పీసీబీలకి వాటివల్ల మేలే. హాట్‌స్వాప్ పీసీబీ పెడితే అవి సరిగ్గా సాకెట్ కిందికొచ్చి దాన్ని పైకి తోస్తాయి. సాకెట్ ప్యాడ్‌తో సహా లేచిపోయిందంటే దాన్ని బాగుచేయడం మామూలువాళ్ల పని కాదు. పీసీబీ పెట్టినప్పుడు ఒక మూల నొక్కితే ఇంకో మూల లేస్తోందా చూడండి. లేస్తుంటే అడుగున ఏదో తగులుతోంది. ఆ పోస్టును నిప్పర్‌తో కత్తిరించి చదును చేయండి. స్క్రూ పోస్టు జోలికి మాత్రం పోకండి.

ఏ స్క్రూలు వాడాలి? ఎంత బిగించాలి?

ట్రే కేసులకి చాలావరకు ఎం2 (2 మి.మీ. మర) స్క్రూలు. పొడవు 4 నుంచి 6 మి.మీ. మధ్య, పోస్టు లోతును బట్టి. పొడవు ఎక్కువైతే స్క్రూ కొస పోస్టు అడుగున తగిలి ఆగిపోతుంది, తల మాత్రం పీసీబీని తాకదు. బిగిసిందనే అనిపిస్తుంది, బోర్డు మాత్రం లోపల లొడలొడలాడుతుంది. అప్పుడు ఇంకా తిప్పితే మర తెగుతుంది. తల వెడల్పు కూడా చూసుకోండి. పెద్ద తల స్విచ్చు ఒంటికి ఒరుసుకుంటుంది.

ముందు అన్ని స్క్రూలూ రెండు మూడు చుట్లు వదులుగా ఎక్కించండి. తర్వాత ఎదురెదురు మూలలు పట్టుకుంటూ బిగించండి. ఒకటి పూర్తిగా బిగించి రెండోదానికి వెళ్తే పీసీబీ పక్కకి జరిగి, చివరి స్క్రూ బెజ్జం మీదికి రాదు. రెండు వేళ్లతో స్క్రూ డ్రైవర్ పట్టుకుని తిప్పితే ఎక్కడ ఆగుతుందో అక్కడితో సరి. అరచేతి బలం వాడకండి, ఎం2 మర చాలా సన్నది. ఈ పనంతా స్విచ్చులు పెట్టకముందే ఖాళీ పీసీబీతో ఒకసారి చేసి చూడండి.

మామూలు బాటమ్ వరుస కాకుండా 7 యూ స్పేస్‌బార్ కావాలి. కేసు మారుతుందా?

మామూలు ఆన్సీ (అమెరికా ప్రమాణం) వరుసలో ఎడమన 1.25 యూ కీలు మూడు, 6.25 యూ స్పేస్, కుడిన 1.25 యూ కీలు నాలుగు. త్సంగన్ అనే వరుసలో 1.5, 1, 1.5, 7, 1.5, 1, 1.5. రెండూ కలిపితే 15 యూనే. కాబట్టి చుట్టూ మూసి ఉన్న మామూలు కేసులో ఏదైనా పడుతుంది, మారాల్సింది పీసీబీ, ప్లేటు.

విండోస్ కీ లేని తరహా, హెచ్‌హెచ్‌కేబీ (హ్యాపీ హ్యాకింగ్ కీబోర్డు) తరహా కేసులు వేరు. కీలు లేని చోట కేసు లోహమే ముందుకొచ్చి కప్పేస్తుంది. ఆ కేసు కొంటే ఆ లేఅవుట్‌కి కట్టుబడినట్టే. రేపు మనసు మారి నాలుగు కీలు కావాలన్నా చోటు ఉండదు.

తెలుగు ఇన్‌స్క్రిప్ట్‌లో టైప్ చేస్తాను. 60% కేసు తీసుకుంటే ఇబ్బందా?

ఒక్క చోట ఇబ్బంది ఉంది, ముందే తెలిస్తే సర్దుకోవచ్చు. ఇన్‌స్క్రిప్ట్‌లో ఒత్వం, అంటే "కొ"లోని ొ, అంకె 1కి ఎడమ పక్కనున్న కీ మీద ఉంటుంది. షిఫ్ట్‌తో అదే కీ "ఒ" ఇస్తుంది. 60% బోర్డులో సరిగ్గా ఆ చోట ఎస్కేప్ కూర్చుంటుంది. "కొన్ని", "మొత్తం", "రొట్టె" రాయాల్సి వచ్చిన ప్రతిసారీ రెండు కీలు కలిపి నొక్కాలి. తెలుగులో ఇది రోజుకి ఎన్నిసార్లో చెప్పలేం.

రెండు దారులున్నాయి. ఫర్మ్‌వేర్‌లో (కీబోర్డు లోపలి ప్రోగ్రాంలో) ఆ మూల కీని మళ్లీ మామూలు కీగా మార్చి, ఎస్కేప్‌ను క్యాప్స్‌లాక్ చోటికి పంపడం ఒకటి. దీనికి కేసుతో పనిలేదు. రెండోది, 2 యూ బ్యాక్‌స్పేస్‌ను రెండు 1 యూ కీలుగా విడగొట్టి కుడి మూలన అదనపు కీ సంపాదించడం. దీనికి పీసీబీలో ఆ రెండు స్విచ్చులకి చోటు, ప్లేటులో రెండు 14 × 14 గళ్లు ఉండాలి. కేసు బయట నుంచి ఏ మార్పూ అక్కర్లేదు. ప్లేటు కొనేటప్పుడే "స్ప్లిట్ బ్యాక్‌స్పేస్ ఉందా" అని అడగండి. తెలుగు రోజూ రాసేవాళ్లకి మొదటి దారే చేతికి హాయి, ఒత్వం అలవాటైన చోటే ఉంటుంది.

65%, 75% బోర్డులకి కూడా ఇలాగే కేసులు మార్చుకోవచ్చా?

లేదు. వాటికి అందరూ ఒప్పుకున్న కొలత లేదు. కీల వరుస ఒకేలా కనబడినా బెజ్జాలు, పోర్టు ఎక్కడికక్కడ వేరు. కేసు, పీసీబీ, ప్లేటు ఒకే సెట్టుగా కొనండి.

షాపులో రెడీమేడ్‌గా కొన్న 60% కీబోర్డును విప్పి మంచి కేసులో పెట్టుకోవచ్చా?

బోర్డును బట్టి. వూటింగ్ 60హెచ్‌ఈ లాంటివి మామూలు ట్రే కేసుల్లో పట్టేలాగే చేశారు. హెచ్‌హెచ్‌కేబీ పీసీబీ దాని కేసుకి మాత్రమే. బ్లూటూత్ ఉన్న చవక బోర్డుల్లో ఆన్-ఆఫ్ స్విచ్చు అంచున ఉంటుంది, బయటి కేసులో దానికి రంధ్రం ఉండదు. కొన్నింటిలో ప్లేటు కేసు అంచు మీద కూర్చునేలా పీసీబీ కంటే వెడల్పుగా ఉంటుంది, అది ట్రే కేసు లోపలికి దిగదు. విప్పి, ప్లేటు వెడల్పు 285 దాటిందా అని కొలిచాకే డబ్బు పెట్టండి. విప్పితే వారంటీ పోవచ్చన్నది కూడా లెక్కలో ఉంచుకోండి.

ఏ పదార్థం మంచిది?

వాడే చోటును బట్టి ఉంటుంది. ఆఫీసుకీ ఇంటికీ మధ్య బ్యాగులో మోస్తారా? మెట్రోలో రోజూ కిలో బరువు భుజాన వేసుకోవడం ఎందుకు, పాలీకార్బనేట్ కానీ ఏబీఎస్ కానీ తీసుకోండి. బల్ల మీద నుంచి కదలదంటే అల్యూమినియం. దాని సాంద్రత ఘన సెం.మీ.కి 2.7 గ్రాములు, పాలీకార్బనేట్ 1.2, ఇత్తడి 8.5 చుట్టుపక్కల. అడుగున చిన్న ఇత్తడి బిళ్ల పెట్టినా బరువు ఎందుకు అంత పెరుగుతుందో దీన్నిబట్టే తెలుస్తుంది.

చెక్క కేసు మీద మనవాళ్లకి ప్రత్యేకమైన మక్కువ. చెన్నపట్టణ బొమ్మలు, మన ఏటికొప్పాక బొమ్మలు రెండూ చేసే అంకుడు కర్ర మెత్తగా, నున్నగా ఉంటుంది. అది చిన్న బొమ్మలకి చక్కగా నప్పుతుంది, 300 మి.మీ. పొడవున సన్నని గోడలు తియ్యడానికి మాత్రం బాగా ఆరిన టేకు నయం. ఏ చెక్కైనా అడ్డంగా తేమను బట్టి పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. సెలవులకి విశాఖో కాకినాడో వెళ్లినప్పుడు తేమ గాలిలో సరిగ్గా కూర్చున్న పీసీబీ, బెంగళూరులో ఫిబ్రవరి, మార్చి పొడి గాలికి బిగుసుకుపోవచ్చు. ముందు వెనక అంచుల దగ్గర అర మి.మీ. చొప్పున వదులు ఉంచమని, లోపలి వైపు కూడా పాలిష్ వేయమని వడ్రంగికి చెప్పండి. బయట ఒక్కటే పాలిష్ వేస్తే లోపల తేమ తాగి చెక్క మెలి తిరుగుతుంది.

అల్యూమినియం కేసులో బ్లూటూత్ పనిచేస్తుందా?

చుట్టూ లోహమే అయితే సంకేతం బలహీనపడుతుంది. గజం దూరంలోనే నొక్కిన కీలు కొన్ని పడకపోవచ్చు. యాంటెనా ఉన్న చోట ప్లాస్టిక్ కిటికీ ఉన్న కేసు, లేదా అడుగు భాగం పాలీకార్బనేట్ ఉన్నది చూడండి. బ్యాటరీకి లోతైన చోటు కావాలన్నదీ మరవకండి. లిథియం బ్యాటరీ పోస్టు కొసకి కానీ స్క్రూ మొనకి కానీ ఆనుకుని ఉండకూడదు. ఉబ్బిన బ్యాటరీని అసలు వాడకండి.

కేసు పెట్టాక ఖంగుమని మోగుతోంది. ఏం చేయాలి?

ఖాళీ అల్యూమినియం ట్రే కేసులో అది సహజం. పీసీబీకీ అడుగుకీ మధ్య ఈవీఏ ఫోమ్ పరవండి. మందం పోస్టు ఎత్తు కంటే ఒక మి.మీ. తక్కువ ఉండాలి, పోస్టుల దగ్గర రంధ్రాలు కోయాలి. ఫోమ్ మందమైతే పీసీబీ మధ్యలో పైకి ఉబ్బి, సాకెట్లలో స్విచ్చులు వదులవుతాయి. పోస్టుల మీద రబ్బరు వాషర్లు వేస్తే శబ్దం మెత్తబడుతుంది, కానీ పీసీబీ ఆ మేరకు లేస్తుంది, యూఎస్‌బీ నోరు కూడా దాంతోపాటే లేచి రంధ్రానికి తగులుతుంది. అర మి.మీ. వాషర్‌తో మొదలుపెట్టండి.

ఎత్తు, వాలు ఎంత ఉండాలి?

ముందు అంచు ఎత్తు 20 మి.మీ. లోపు, వాలు 6 నుంచి 8 డిగ్రీలు చాలామందికి సుఖం. ముందు అంచు 25 దాటితే మణికట్టు దిండు కావాల్సి వస్తుంది.

పీణ్యలో సీఎన్‌సీ షాపులున్నాయిగా. ఒక్క కేసు చేయించుకోవచ్చా?

చేయించుకోవచ్చు, చవక మాత్రం కాదు. 300 × 115 × 35 అల్యూమినియం దిమ్మె బరువు 3.2 కిలోలు దాటుతుంది. అందులో కిలో కేసుగా మిగిలి, మిగతాది తురుముగా పోతుంది. ఒక్క ముక్కకి ప్రోగ్రాం రాయడం, మెషిన్ సర్దడం అనే ఖర్చు పదింటికైనా అంతే. నలుగురు కలిసి చేయిస్తే గిట్టుబాటవుతుంది.

మెటీరియల్ అడిగేటప్పుడు 6061 రకం అల్యూమినియం అనండి. హెచ్‌ఈ30 అని ఇస్తే అది 6082 రకం, అదీ పనికొస్తుంది. డ్రాయింగ్‌లో రెండు సంగతులు తప్పక రాయండి. ఒకటి, లోపలి మూలలు. 6 మి.మీ. కట్టర్ తిరిగిన మూల 3 మి.మీ. వ్యాసార్ధంతో గుండ్రంగా వస్తుంది, పీసీబీ మూల చదరంగా ఉంటే అక్కడ ఇరుక్కుంటుంది. మూలల్ని కొంచెం లోపలికి తొలిచి ఇవ్వమనండి. లోపలి జేబు 286 × 95.5 ఉంచండి. రెండోది, ఎం2 మరలు. అనోడైజింగ్ (అల్యూమినియం మీద గట్టి పూత తెప్పించడం) తర్వాత ఆ పూత వల్ల మర బిగుసుకుంటుంది, మళ్లీ ట్యాప్ తిప్పి ఇమ్మనండి. అనోడైజింగ్‌కి ఇచ్చేముందు గీతలన్నీ పోయేలా బీడ్ బ్లాస్టింగ్ చేయించాలి, లేకపోతే కట్టర్ గీతలు రంగు కిందనుంచి కూడా కనిపిస్తాయి.

3డీ ప్రింటు అయితే బెడ్ కొలత చూసుకోండి. 256 × 256 బెడ్ మీద 300 × 112 కేసు ఐమూలగా పెట్టినా పట్టదు, ఎందుకంటే ఐమూలగా పెడితే దానికి 291 కావాలి. రెండు ముక్కలుగా చేసి మధ్యలో స్క్రూలతో అతకాలి. పీఎల్‌ఏ ప్లాస్టిక్ వద్దు, ఎండలో నిలిపిన కారులో మెత్తబడి వంగిపోతుంది. పీఈటీజీ వాడమనండి.

ఎస్‌పీ రోడ్డులో ఏం దొరుకుతాయి?

కేసు కోసం వెళ్లకండి. చిల్లర సామాను కోసం వెళ్లండి: ఎం2 స్క్రూలు, క్యాప్టన్ టేపు (విద్యుత్తును ఆపే పల్చటి టేపు), ఫోమ్, మల్టీమీటర్, డిజిటల్ కాలిపర్, జేఎస్‌టీ తీగలు. టౌన్‌హాల్ దగ్గర్నుంచి నడిచి వెళ్లొచ్చు. ఆదివారం చాలా షాపులు మూసి ఉంటాయి. స్క్రూ కొనేటప్పుడు మీ పాత స్క్రూ ఒకటి జేబులో పెట్టుకెళ్లండి, మాటల్లో చెప్పడం కంటే చూపించడం తేలిక.

విదేశం నుంచి తెప్పిస్తే రవాణా ఎందుకంత ఎక్కువ?

కొరియర్లు అసలు బరువునీ, పెట్టె పరిమాణపు బరువునీ పోల్చి ఎక్కువదానికి వసూలు చేస్తాయి. పొడవు, వెడల్పు, ఎత్తు సెం.మీ.లో గుణించి 5000తో భాగించడం వాడుకలో ఉన్న లెక్క. 38 × 20 × 10 పెట్టె అంటే 1.52 కిలోలు. దాని మీద దిగుమతి సుంకం, జీఎస్‌టీ వస్తాయి. కేసు, ప్లేటు ఒకే పెట్టెలో తెప్పించుకుంటే ఒకసారితో పోతుంది.

బయట అన్ని కీలు పనిచేశాయి. కేసులో బిగించగానే కొన్ని ఆగిపోయాయి, లేదా వాటంతట అవే పడుతున్నాయి. ఇప్పుడేం చేయాలి?

కేబుల్ వెంటనే పీకేయండి. పీసీబీ కింది లోహం ఎక్కడో కేసును తాకుతోంది. అనోడైజింగ్ పూత విద్యుత్తును ఆపుతుంది, కానీ స్క్రూ దగ్గరా గీత పడిన చోటా ఆ పూత ఉండదు. ఎక్కువగా దొరికే దొంగలు ఇద్దరు: కత్తిరించకుండా వదిలేసిన స్విచ్చు కాళ్లు, స్క్రూతో బిగించే స్టెబిలైజర్ల (పొడవాటి కీలు ఒరగకుండా పట్టే తీగల) అడుగు స్క్రూలు.

పీసీబీని తీసి అట్టముక్క మీద పెట్టి మళ్లీ పరీక్షించండి. అక్కడ అన్నీ పనిచేస్తే పీసీబీ క్షేమం. పొడవైన కాళ్లు కత్తిరించండి. స్టెబిలైజర్ స్క్రూల కింద ఫైబర్ వాషర్ వేయండి. కేసు అడుగున, ఆ చోట్లకి ఎదురుగా క్యాప్టన్ టేపు అంటించండి. ఇప్పుడు స్క్రూ లేకుండా కేసులో పెట్టి పరీక్షించండి, తర్వాత ఒక స్క్రూ ఎక్కించి మళ్లీ పరీక్షించండి, అలా ఒక్కోటీ. ప్రతిసారీ స్క్రూ ఎక్కించేముందు కేబుల్ తీయండి. ఏ స్క్రూ దగ్గర తేడా వచ్చిందో అక్కడ పీసీబీ వంగి కిందికి దిగుతోందని అర్థం. ఆ ఒక్క స్క్రూ పావు చుట్టు వదులు చేయండి, లేదా దాని పోస్టు మీద పల్చటి ప్లాస్టిక్ వాషర్ వేయండి. అయినా కుదరకపోతే ఆ స్క్రూ వదిలేయండి. మిగతా ఐదూ బోర్డును గట్టిగానే పట్టుకుంటాయి.